ప్రొకాల్సిటోనిన్ లెక్క నేర్పిన ల్యాబ్ బృందానికి మా ఐసీయూ తరఫున కృతజ్ఞతలు

మా నర్సులకు, డ్యూటీ డాక్టర్లకు ఓపిగ్గా క్లాసు తీసుకున్న మైక్రోబయాలజీ మేడమ్‌కి, బయోకెమిస్ట్రీ సార్‌కి, అర్ధరాత్రి ఫోన్ చేసినా విసుక్కోని టెక్నీషియన్లకు పేరుపేరునా ధన్యవాదాలు. ప్రొకాల్సిటోనిన్ అంటే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ తీవ్రమైతే రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్. దాని గురించి వాళ్లు చెప్పినవి మిగతా ఐసీయూల వాళ్లకూ పనికొస్తాయని ఇక్కడ పెడుతున్నాం.

బాగా అక్కరకొచ్చింది టైమ్ గురించి చెప్పిన ముక్క. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ వచ్చాక ప్రొకాల్సిటోనిన్ 3–6 గంటల్లో పెరగడం మొదలై, 12–24 గంటల్లో గరిష్ఠానికి చేరుతుంది. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే ఇంకో ప్రొటీన్ సీఆర్‌పీ గరిష్ఠానికి చేరడానికి ఒకటిన్నర నుంచి రెండు రోజులు పడుతుంది. కాబట్టి చలిజ్వరం మొదలైన గంటకే తీసిన శాంపిల్లో ప్రొకాల్సిటోనిన్ తక్కువగా, 0.3 (మిల్లీలీటరుకు నానోగ్రాములు) వచ్చిందని గుండెల మీద చెయ్యేసుకుని పడుకోకూడదు. 6–12 గంటల తర్వాత మళ్లీ పంపాలి.

ఇన్ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయి షాక్‌లో ఉన్న పేషెంటుకైతే ఏ రిపోర్టు కోసమూ ఆగొద్దు. కల్చర్‌కి (రక్తంలో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే పరీక్షకి) రక్తం తీసి, గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా వద్దా తేల్చడానికి ప్రొకాల్సిటోనిన్ పరీక్షను వాడొద్దనే 2021 సర్వైవింగ్ సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితికి చికిత్సపై అంతర్జాతీయ) మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

దీని అసలు ఉపయోగం యాంటీబయాటిక్ ఆపడంలో. గరిష్ఠ విలువ నుంచి 80 శాతం తగ్గినా, మిల్లీలీటరుకు 0.5 నానోగ్రాములకు దిగినా, పేషెంటు కూడా కుదుటపడితే ఆపడం గురించి ఆలోచించవచ్చు. 20 ఉన్నది 4కి వస్తే చాలు, 0.5 దాకా ఎదురుచూడక్కర్లేదు. ఇన్ఫెక్షన్ అదుపులోకి వస్తే సుమారు రోజుకు సగం చొప్పున తగ్గాలి. రెండు రోజులైనా కదలకపోతే, ఇంకో ఖరీదైన మందు రాసేముందు తీయని చీము ఎక్కడుందో, సెంట్రల్ లైన్ (పెద్ద సిరలో పెట్టిన గొట్టం) ఎప్పటిదో చూడండి. ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొర, కవాటాల ఇన్ఫెక్షన్), ఎముక ఇన్ఫెక్షన్లకు మాత్రం ఈ లెక్క పెట్టొద్దు.

అంకె మోసం చేసే చోట్లూ ఉన్నాయి. పెద్ద ఆపరేషన్, యాక్సిడెంటు, కాలిన గాయాల తర్వాత మొదటి ఒకటి రెండు రోజులు బ్యాక్టీరియా లేకపోయినా పెరుగుతుంది. కిడ్నీ ఫెయిల్యూర్‌లోనూ అంతే. తీవ్రమైన మలేరియాలోనూ పెరుగుతుంది కాబట్టి మన్యం నుంచి వచ్చిన కేసుల్లో స్మియర్ (మలేరియా కోసం రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూసే పరీక్ష) చూడకుండా దీన్ని నమ్మొద్దు. గూడు కట్టిన చీముగడ్డలో పెరగకపోవచ్చు. టోసిలిజుమాబ్ (వాపును అణచే ఇంజెక్షన్) ఇచ్చినవాళ్లలో సీఆర్‌పీ దాదాపు అడుగంటుతుంది. బయోటిన్ (జుట్టు, గోళ్ల కోసం వాడే విటమిన్) మాత్రలు ఎక్కువ మోతాదులో వాడేవాళ్లకు కొన్ని కిట్లలో ప్రొకాల్సిటోనిన్ తక్కువగా చూపిస్తుంది, అడిగి తెలుసుకోండి.

సీఆర్‌పీ ఒక ల్యాబ్ లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని, ఇంకో ల్యాబ్ డెసిలీటరుకు (లీటరులో పదో వంతుకు) ఇన్ని అని ఇస్తుంది. 12, 120 ఒకటే కావచ్చు, యూనిట్ చూడండి. బయటి ఆసుపత్రి నుంచి వచ్చిన విలువను మన విలువతో పోల్చి తగ్గిందనో పెరిగిందనో తేల్చేయకండి; కిట్టు వేరు కావచ్చు.

కల్చర్ విషయానికొస్తే, పెద్దవాళ్లకు రెండు వేర్వేరు చోట్ల నుంచి రెండు సెట్లు, బాటిల్‌కి 8–10 మిల్లీలీటర్లు. బాటిల్ మూత తీయగానే కనిపించే రబ్బరు శుభ్రంగా ఉంటుందనుకుంటారు, ఉండదు. 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాకే సూది గుచ్చాలి.

ఇప్పుడు ప్రతి రిపోర్టులో శాంపిల్ తీసిన టైమ్, ముందటి విలువ పక్కపక్కనే వేసి పంపుతున్నారు. రౌండ్స్‌లో వాదనలు సగం తగ్గాయి. అందుకు ఇంకోసారి థ్యాంక్స్.