క్షమించమంటూ బాధితుల నోరు మూయించకండి

సంపాదకులకు నమస్కారం.

మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో చాలాచోట్ల నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల (యేసు మరణాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం) ఆచరిస్తారు. ఆ వారంలో తగవులున్న ఇళ్లకు పెద్దలు వెళ్లి సమాధానపడమని చెప్పడం మంచి ఆనవాయితీ. బైబిల్లో మత్తయి సువార్త 5:23, 24 దీనికి ఆధారం. అర్పణ తెచ్చినవాడికి తన సహోదరుడు తనమీద నొచ్చుకున్నాడని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడాలని యేసు చెప్పాడు. ఆ వాక్యం కదలమంటున్నది నొప్పించినవాడిని. మనం మాత్రం నొచ్చుకున్న మనిషి గడపే తొక్కి, "నువ్వు క్షమించకపోతే దేవుడు నిన్ను క్షమించడు" అంటున్నాం. భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆడపిల్లకు ఈ మాట చెప్పి అదే ఇంటికి పంపేవాళ్లూ ఉన్నారు. ఇది వాక్యం నేర్పిన క్షమాపణ కాదు.

మత్తయి 18లోని ఉపమానం చూడండి. దాసుడు రాజుకు బాకీపడింది పదివేల తలాంతులు. తలాంతుకు సుమారు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. అంటే 6 కోట్ల రోజుల కూలి. రాజు అదంతా కొట్టేశాడు. తోటిదాసుడు ఇతనికి ఇవ్వాల్సింది 100 దేనారాలు, దాన్ని మాత్రం ఇతను వదల్లేదు. ప్రసంగాల్లో ఈ వందను చిల్లర అప్పుగా కొట్టిపారేస్తుంటారు. కానీ కూలివాడికది మూడు నెలలకు పైగా చేసిన కష్టం. బాధితుడి నష్టాన్ని యేసు చిన్నది చేయలేదు. దేవుడు నీకు కొట్టేసిన బాకీని తలుచుకుని దీన్ని వదులుకోమన్నాడు. కాబట్టి "ఇప్పుడేమంత జరిగిందని" అంటూ సర్దిచెప్పడం మొదలుపెట్టకూడదు. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎంత పోయింది అన్నది బాధితులను పూర్తిగా చెప్పనివ్వాలి.

అదే అధ్యాయం 15 నుంచి 17 వచనాల్లో వరస కూడా ఉంది. మొదట ఒంటరిగా వెళ్లి, తప్పు చేసినవాడికి అతని తప్పు చెప్పాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. చాలా తగవులు ముదిరేది ఈ వరస తిరగబడటం వల్లే. ప్రార్థన విన్నపం పేరుతో విషయం ముందే వాట్సాప్ గ్రూపుకెక్కుతుంది. ఆ ఒకరిద్దరు ఒక పక్షం చుట్టాలే అవుతారు. ఇద్దరికీ నమ్మకమున్న మనిషిని ఎంచుకోవాలి. ఒక జాగ్రత్త: కొట్టే మనిషి దగ్గరికి, లైంగికంగా వేధించినవాడి దగ్గరికి ఒంటరిగా వెళ్లమని ఎవరికీ చెప్పకూడదు.

ఇక క్షమించడం వేరు, మళ్లీ కలవడం వేరు. ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరిమీదైనా ఏదైనా ఉంటే క్షమించమని మార్కు 11:25 చెబుతుంది. అందులో ఎదుటివాడు మారాలన్న షరతు లేదు. పగ తీర్చుకునే పని దేవుడికి వదిలేయడం అది. లూకా 17:3 మాత్రం ముందు గద్దించమంటుంది, మారుమనస్సు పొందితే క్షమించమంటుంది. తెగిన బంధం కలవాలంటే ఈ రెండోది కావాలి. మారుమనస్సుకు గుర్తులుంటాయి. "నా వల్ల తప్పు జరిగుంటే క్షమించండి" అనేది ఒప్పుకోలు కాదు. చేసింది పేరుపెట్టి చెప్పాలి, పోయింది తిరిగివ్వాలి. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, యేసును కలిసిన పన్నుల అధికారి జక్కయ్య.

యోసేపు కూడా, తనను బానిసగా అమ్మేసిన అన్నలను చూసిన రోజే కౌగిలించుకోలేదు. వారిలో షిమ్యోనును ఉంచుకుని మిగతావారిని పంపాడు, తర్వాత తమ్ముడి సంచిలో వెండి గిన్నె పెట్టించి పరీక్షించాడు. తమ్ముడి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోమని అన్నల్లో ఒకడైన యూదా ముందుకొచ్చాకే తానెవరో చెప్పి ఏడ్చాడు. సంఘం సొమ్ము వాడుకున్న కోశాధికారిని క్షమించవచ్చు, క్షమించాలి కూడా. కానీ మళ్లీ అతని చేతికే హుండీ తాళం ఇవ్వనక్కర్లేదు. ఎవరు కోశాధికారైనా చెక్కు మీద రెండు సంతకాలు, ఏటా బయటివారితో ఆడిట్ ఉండాలి.

ఇన్ని చేసినా కోపం మళ్లీ వస్తుంది. ఒకసారి క్షమించిన మనిషికి ఆర్నెల్ల తర్వాత కడుపు రగిలితే విశ్వాసం లేదని నిందించకండి. ఎన్నిసార్లు క్షమించాలని అడిగిన శిష్యుడు పేతురుకు ఏడుసార్లు చాలదని చెప్పిన ప్రభువు, ఒకే గాయాన్ని మళ్లీ మళ్లీ క్షమించాల్సి వస్తుందని ఎరగనివాడు కాడు.

నేరం జరిగినచోట చట్టం తన పని తాను చేయాలి. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని జీపులోనే సజీవ దహనం చేశారు. హంతకులను క్షమించానని ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ చెప్పారు, బారిపదలో ఉండి కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. విచారణ మాత్రం ఆగలేదు. ప్రధాన నిందితుడికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అంత పెద్ద క్షమాపణకే కేసు అడ్డం కానప్పుడు, మన సంఘాల్లో ఫిర్యాదు చేసినవారిని అవిశ్వాసులుగా చూడటం అన్యాయం.

పిల్లల విషయంలో పెద్దలు గుర్తుపెట్టుకోవాలి: 18 ఏళ్లలోపువారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 నాటి పోక్సో (లైంగిక నేరాల నుంచి పిల్లల రక్షణ) చట్టం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. దాచితే ఆరు నెలల వరకు జైలు. సంస్థ బాధ్యులు తమ కింద పనిచేసేవారి నేరాన్ని దాస్తే ఏడాది వరకు పడవచ్చు. పిల్లల సహాయానికి 1098, మహిళలకు 181 నంబర్లను ప్రతి చర్చి నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించాలని కాపరులను, కమిటీలను కోరుతున్నాను.

– ఒక సంఘ కాపరి, గుంటూరు