పాఠకుడి శక్తిని తక్కువగా అంచనా వేయవద్దు

సంపాదకులు గారికి, నమస్కారములు.

సామాన్య జనం కోసం రాసేవారు పాఠకుడికి శ్రమ కలిగించకుండా, ఒక్క చదువులో మింగుడుపడే రచనలే చేయాలని ఇటీవల మీ పత్రికలో వెలువడిన అభిప్రాయం చదివాను. రచన అర్థం కావాలన్నంత వరకు నాకు భిన్నాభిప్రాయం లేదు. అయితే భాషను తేలిక చేయడమూ విషయాన్ని పలుచన చేయడమూ ఒకటే అన్నట్టుగా సాగిన ఆ వాదనను ఒప్పుకోలేకపోతున్నాను.

నెల్లూరు జిల్లావాడిని గనుక ఈ చర్చలో ముందుగా తిక్కనే గుర్తుకు వస్తాడు. 13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో ఉండి భారతంలోని 15 పర్వాలను తెలుగు చేసిన ఆ కవి, ఆంధ్రులు చెవులారా గ్రోలి ఆనందించేలా రాస్తానని విరాటపర్వం ఆరంభంలోనే చెప్పుకొన్నాడు. అందుకు తగినట్టే ఇంటి పలుకుబడులను పద్యంలోకి తెచ్చాడు, పాత్రలను ఎదురెదురుగా నిలిపి మాట్లాడించాడు, కథ నడకను దృష్టిలో పెట్టుకొని భగవద్గీతను సైతం బాగా కుదించాడు. ఇంత చేసినవాడు, రాయబారానికి ముందు కృష్ణుడి ఎదుట ధర్మరాజు సంధినీ ద్రౌపది తన పరాభవాన్నీ విన్నవించుకొనే చోట మాత్రం ఇద్దరి మాటల్లోనూ బలం తగ్గనివ్వలేదు. తూచుకొనే పని మనకే వదిలాడు. ఆ పద్యాలను ఎంత సులభంగా చదువుతామో అంత సేపు ఆలోచనలో పడతాము.

పల్లెల్లో తెల్లవార్లూ పద్యనాటకం చూసిన పాతతరంలో చాలామందికి అక్షరాలు రావు. అయినా తిరుపతి వేంకట కవుల పద్యానికి ఎక్కడ వన్స్ మోర్ అనాలో వారికి బాగా తెలుసు. నేటి మాటకు వస్తే, మా తీరంలో రొయ్యల చెరువులు చేసే రైతులు, పెద్ద చదువులు లేనివారు కూడా, నీటి గుణాన్ని తెలిపే పీహెచ్, ఆల్కలినిటీ, అమోనియా గురించి, రొయ్యలకు వచ్చే వైట్ స్పాట్ తెగులు గురించి గంటల తరబడి లోతుగా మాట్లాడుకొంటారు. పెట్టుబడి నీళ్లలో ఉన్నవాడికి ఏ విషయమూ కష్టమనిపించదు.

తనకే స్పష్టంగా తెలియని సంగతిని పెద్ద సమాసాల చాటున దాచే రచయితల పక్షాన నేను మాట్లాడటం లేదు. గిడుగు రామమూర్తి గారు వ్యావహారిక భాష కోసం పోరాడింది అటువంటి అడ్డుగోడలు తొలగి చదువు అందరికీ దక్కాలనే. దక్కవలసిన చదువునే కోసివేస్తే ఆ పోరాటానికి అర్థమేముంటుంది?

కనుక ఆదివారం అనుబంధంలో వారానికి ఒక్క పెద్ద వ్యాసానికైనా చోటివ్వవలసిందిగా, కొత్త పదాలు వచ్చిన చోట రెండు ముక్కల్లో వివరణ చేర్చవలసిందిగా కోరుతున్నాను. జిల్లా పేజీలోనూ పెన్నా నీటి సంగతిని నాలుగు వాక్యాలతో సరిపెట్టకండి. సోమశిల జలాశయంలో నిల్వ ఎంత, కాలువలకు విడుదల ఎంత, కండలేరు జలాశయానికి పోయేది ఎంత అన్న లెక్కలన్నీ వేయండి. నారు పోయాలా వద్దా అని నిర్ణయించుకోవలసిన రైతు వాటిని ఓపికగా చదువుకొంటాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా