సాంబ మసూరిని మార్చారు సరే, లెక్కలు మా ముందు పెట్టండి

గౌరవనీయులైన కేంద్ర వ్యవసాయ శాఖ మంత్రి శ్రీ శివరాజ్ సింగ్ చౌహాన్ గారికి,

నమస్కారాలు. నేను నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద సన్న వడ్లు పండించే రైతుని. 2025 మే 4న ఢిల్లీలో మీరు జన్యు సవరణతో తయారైన రెండు వరి రకాలను ప్రకటించారు. దేశంలో ఇలాంటివి ఇవే మొదటివన్నారు. వరి విస్తీర్ణం 50 లక్షల హెక్టార్లు తగ్గించి దిగుబడి కోటి టన్నులు పెంచాలని 'మైనస్ 5, ప్లస్ 10' లెక్క కూడా చెప్పారు. ఆ రెండు రకాల పుట్టిల్లూ మా తెలుగు నేలే. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ తెచ్చిన 'కమల', అదే డీఆర్ఆర్ ధాన్ 100, బాపట్లలో పుట్టిన సాంబ మసూరిలోంచి వచ్చింది. ఢిల్లీ పూసా సంస్థ తెచ్చిన రెండోది మారుటేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ల కాటన్‌దొర సన్నాల్లోంచి వచ్చింది. మా వడ్లను మార్చేటప్పుడు మాతో మా భాషలో ఒక్కసారైనా మాట్లాడాలి కదా, అందుకే ఈ ఉత్తరం.

ముందే చెబుతున్నా, నేను ఈ రకాలకు వ్యతిరేకిని కాదు. 'జన్యు బియ్యం తింటే పిల్లలు పుట్టరు' లాంటి వాట్సాప్ మెసేజీలు నాకూ వస్తాయి, డిలీట్ చేస్తాను. బీటీ పత్తిలో మట్టిలో ఉండే బ్యాక్టీరియా జన్యువును తెచ్చి పెట్టారు. కమలలో బయటి జన్యువు లేదని, కంకిలో గింజల సంఖ్యను అదుపు చేసే వరి జన్యువునే కత్తిరించారని శాస్త్రవేత్తలు అంటున్నారు. ఆ తేడా నాకు తెలుసు. అది నిజమైతే సంతోషమే.

బీపీటీతో, అంటే ఆ సాంబ మసూరితో, మా బాధలు మీ అధికారులు మీకు చెప్పే ఉంటారు. దాదాపు 145 రోజుల పంట. ఎండాకు తెగులు, అగ్గి తెగులు, దోమ, దేనికీ తట్టుకోదు. కోతకొచ్చే వేళకి తుపాను వాన పడిందంటే చేను మొత్తం పడుకుంటుంది. కోత మిషన్ వాడు పడిన చేను చూసి గంట రేటు పెంచుతాడు, మిల్లరు తేమ చూసి ధర తగ్గిస్తాడు. కమల 20 రోజులు ముందే కోతకొస్తుందన్నారు. కాలువ చివర భూములున్నవాళ్లకి 20 రోజులంటే ఆఖరి తడులు ఎలా పెట్టాలన్న టెన్షన్ ఉండదు. అందుకే ఈ మాట మా ఊళ్లో అందరి చెవినా పడింది.

కానీ దిగుబడి 19 శాతం ఎక్కువ అన్నారే, అది దేనితో పోలిస్తే? సాంబ మసూరితో. అది 1986లో విడుదలైన రకం. ఇప్పుడు మా చుట్టుపక్కల చాలామంది వేసేది తెలంగాణ సోనా, 125 రోజుల్లో కోతకొస్తుంది. అదీ సన్నమే. రాజేంద్రనగర్ సంస్థే హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీతో కలిసి 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని ఇచ్చింది. ఏ జన్యువునూ కత్తిరించకుండా, మామూలు సంకరంతోనే ఎండాకు తెగులును తట్టుకునే గుణం అందులోకి తెచ్చారు. కొత్త పిల్లవాడిని తాతతో పరిగెత్తించి గెలిచాడంటే సరిపోదు, ఈడువాళ్లతో పరిగెత్తించి చూపించాలి. తెలంగాణ సోనా, ఇంప్రూవ్డ్ సాంబ పక్కన కమల ఎక్కడ, ఎన్ని సీజన్లలో, ఎంత పండిందో కేంద్రాలవారీగా బయటపెట్టండి. గింజలు పెరిగిన కంకి బరువుకి కాడ నిలబడుతుందా, ఎండాకు తెగులు వస్తే ఎంత పోతుంది, ఇవి కూడా అందులో ఉండాలి. మా వ్యవసాయ విస్తరణాధికారిని అడిగితే ఆయన దగ్గరున్నది మీ ప్రెస్ నోట్ ఒక్కటే.

ఇంత పట్టుపట్టడానికి కారణం పత్తి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు ప్రతి ప్యాకెట్‌లో 450 గ్రాముల బీటీ విత్తనంతోపాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఉండేది. అది బీటీ కాని విత్తనం. చేను చుట్టూ కనీసం ఐదు వరుసలు వేయాలి. ఆ వరుసల్లో బతికిన పురుగులు మిగతావాటితో జతకడితే బీటీ విషాన్ని తట్టుకునే జాతి త్వరగా పుట్టదని అసలు ఉద్దేశం. కాగితం మీద చక్కటి ఏర్పాటు. ఊళ్లో జరిగింది వేరు. ఆ చిన్న ప్యాకెట్ ఎందుకో డీలరు చెప్పలేదు, అట్టమీద రాసింది చదివే తీరిక విత్తే రోజున ఎవరికీ లేదు. కొందరు పోగుంటలు పెట్టడానికి వాడారు, చాలామంది గట్టు మీద పారేశారు. తర్వాత గులాబీ రంగు పురుగు రెండు బీటీ జన్యువులున్న బీజీ-2 పత్తిని కూడా తట్టుకుని కాయల్లోకి దూరింది. అనుమతే లేని, గడ్డిమందును తట్టుకునే పత్తి 'బీజీ-3' పేరుతో ఊరూరా దొరికింది. మొదట్లో ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటి ఉంటే, 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంపెనీల గుత్తాధిపత్యంపై ఫిర్యాదులు వినే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు ఎక్కాకే 750కి దిగింది. ప్రయోగశాలలో అంతా సవ్యంగా ఉన్నా, విత్తనం డీలరు కొట్టుకు చేరాక కథ మారిపోతుందని మాకు అనుభవమైంది.

ఇక అసలు ఇబ్బంది. 2022 మార్చి 30న పర్యావరణ శాఖ ఇచ్చిన మెమోతో ఇలాంటి సవరణ పంటలు, జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ జీఈఏసీ ముందుకు వెళ్లాల్సిన పని తప్పిపోయింది. సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ చూసి సరే అంటే చాలు. తయారుచేసిన ఇంట్లోనే తనిఖీ అన్నమాట. బయటి జన్యువు లేదు కాబట్టి ఇంత చాలంటారేమో. యూరప్ కోర్టు మాత్రం 2018లో ఇవీ జన్యుమార్పిడి కిందికే వస్తాయంది. అక్కడ ఇప్పుడు సడలింపులు నడుస్తున్నా, బియ్యం ఎగుమతి చేసే మనకు అది చిన్న విషయం కాదు. 2006లో అమెరికా బియ్యంలో బేయర్ కంపెనీ వాళ్ల, అనుమతి లేని ఎల్ఎల్601 అనే జన్యుమార్పిడి వరి గింజలు కలిశాయని తేలగానే వాళ్ల మార్కెట్ కుదేలైంది. అక్కడి రైతులకు బేయర్ కంపెనీ 75 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. మా దగ్గర ఒకే కోత మిషన్ పొద్దున నా చేను, మధ్యాహ్నం పక్కవాళ్ల చేను కోస్తుంది. మిల్లులో పది ఊళ్ల వడ్లు ఒకే కుప్ప. కలవకుండా ఉంచడం ఎలాగో మీరే చెప్పాలి.

తినేవాళ్ల సంగతీ ఉంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 22వ సెక్షన్ ప్రకారం అనుమతి లేని జన్యుమార్పిడి ఆహారం అమ్మకూడదు. కమల బియ్యం దాని కిందికి వస్తుందా, రాదా? అవునో కాదో చెప్పండి. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్ షాపుల్లో సన్నబియ్యం ఇస్తున్నారు. రేపు కమల కూడా ఆ బస్తాల్లోకే చేరుతుంది, అక్కడ లేబుల్ చూసే వీలే లేదు. ఫోర్టిఫైడ్ బియ్యం గుర్తుందా? పోషకాలు చేర్చిన గింజను వందకి ఒక్కటి చొప్పున కలిపారు, అదేమిటో జనానికి సరిగ్గా చెప్పలేదు. నీళ్లలో తేలిన గింజను చూసి 'ప్లాస్టిక్ బియ్యం' అని ఆడవాళ్లు ఏరి పారేశారు. మంచి పథకమే, ముందుగా చెప్పకపోవడంతో అల్లరైంది.

మరొకటి, జన్యువును కత్తిరించే క్రిస్పర్-క్యాస్9 పద్ధతి మీద పేటెంట్లు విదేశీ సంస్థల దగ్గరున్నాయి. మేం బీపీటీ విత్తనం ఇంట్లోనే దాచుకుంటాం, పక్కవాళ్లకి ఇస్తాం. 2001 నాటి మొక్కల రకాల రక్షణ చట్టం 39వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. కమల విషయంలో అది చెక్కుచెదరదని రాతపూర్వకంగా కావాలి, లైసెన్సు ఒప్పందం షరతులతో సహా.

2010లో బీటీ వంకాయ మీద అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ గారు హైదరాబాద్‌తో కలిపి ఏడు నగరాల్లో సభలు పెట్టారు. గొడవలయ్యాయి, కేకలేసుకున్నారు, అయినా ఆయన కూర్చుని విన్నారు, ఫిబ్రవరి 9న నిలుపుదల ప్రకటించారు. ఆ నిర్ణయం తప్పనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వినడం తప్పని మాత్రం ఎవరూ అనలేదు. మీరూ అలాగే రండి. ఒక సభ బాపట్లలో, ఒకటి మిర్యాలగూడలో పెట్టండి. రైతులు, మిల్లర్లు, రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు, రేషన్ బియ్యం వండుకునే ఆడవాళ్లు, అందరినీ పిలవండి. లెక్కల కాగితాలు తెలుగులో వారం ముందే పంచాయతీ ఆఫీసులకు పంపించండి. మే నెలలో అయితే మంచిది. యాసంగి కోతలు అయిపోయి ఉంటాయి, వానాకాలం నార్లు ఇంకా పోసి ఉండం.

ఇట్లు,
నల్గొండ జిల్లా నుంచి ఒక వరి రైతు