ఖావక్ కనుమ గురించి ఒక ఉత్తరం

హనుమకొండ

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇంట్లో అందరూ కులాసా, అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, తమ్ముడికి కరీంనగర్ బదిలీ అయింది. ఇక ఆ ముచ్చట్లు చాలు.

అలెగ్జాండర్ నడిచిన దారి వెంట గ్రీసు నుంచి సింధునది దాకా బ్రిటిష్ చరిత్రకారుడు మైకేల్ వుడ్ ప్రయాణించి తీసిన నాలుగు భాగాల డాక్యుమెంటరీని ఇన్నేళ్లకు చూశాను. అది 1998లో బీబీసీలో వచ్చింది. అప్పట్లో అఫ్ఘానిస్తాన్‌లో అంతర్యుద్ధం సాగుతున్నా ఆయన హిందూకుష్‌లోని ఖావక్ కనుమను కాలినడకన దాటాడు. క్రీ.పూ. 329లో అలెగ్జాండర్ సైన్యం అక్కడ వంటచెరకు దొరకక, బరువులు మోసే పశువులను కోసి, పచ్చి మాంసాన్నే ఇంగువ జాతి మొక్క రసంతో తిన్నదని ప్రాచీన గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. చదివినప్పుడు అతిశయోక్తి అనుకున్న ఆ మాట, 11,000 అడుగులకు పైనున్న ఆ బోడి కొండలను తెర మీద చూశాక, అక్షరాలా నిజమనిపించింది. ఇంగువ పేరు వినగానే నీ పులిహోర గుర్తొచ్చింది; ఆ సంగతి మనిద్దరి మధ్యనే ఉండనీ.

అట్టకత్తులు తిప్పే నటులను చూపే చిత్రాలకన్నా, ఆయాసపడుతూ కొండెక్కే ఒక మనిషిని చూపే చిత్రమే నాకు చరిత్రను దగ్గర చేస్తుంది. అయితే నేల కూడా మారుతుందని మరవకూడదు. ఇప్పటి లెబనాన్‌లోని టైర్ నగరం అప్పట్లో ద్వీపం, క్రీ.పూ. 332లో ముట్టడి కోసం అలెగ్జాండర్ సముద్రంలో వేయించిన కట్టకు ఇసుక మేటవేసి, ఈనాడు అది తీరంలో కలిసిపోయింది. అక్కడ ఎంత నడిచినా నాటి సైనికుడు చూసిన దృశ్యం మనకు కనిపించదు.

అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. 1309 చివర ఢిల్లీలో బయలుదేరి 1310 జనవరికి మన ఓరుగల్లు చేరిన అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ దండయాత్రను ఆ కాలపు కవి అమీర్ ఖుస్రో వర్ణించాడు కదా, ఆ దారిని ఎవరైనా ఇలా నడిచి చూపకూడదా? దారిలో వాళ్లు పట్టుకున్న సబర్ కోట మన సిర్పూరేనని చరిత్రకారులు అంటారు. ఓరుగల్లు మట్టికోట కట్ట మీద నిలబడి, ముట్టడిదారు కంటితో కందకాన్ని చూపితే ఎలా ఉంటుందో ఊహించు! నువ్వు సెలవు పెట్టగలిగితే సిర్పూరు నుంచి మనమే మొదలుపెడదాం. మేడారం నడకలో చెప్పుల విషయమై నువ్వు చేసిన ప్రతిజ్ఞ ఇక్కడ చెల్లదు సుమా. అసలు గోదావరిని వాళ్లు ఏ రేవులో దాటి ఉంటారన్నది...

తపాలా పెట్టె తెరిచే వేళయింది, మిగతాది తరువాత.

నీ మిత్రుడు