మా తమ్ముడిని ఇంటికి చేర్చిన అందరికీ దండాలు

తమ్ముడు మెట్‌పల్లికి వచ్చేశాడు. కుడికాలు మోకాలి కింద లేదు గానీ మనిషి దక్కాడు. ఫోన్లు చేసి, డబ్బులు పంపి, ధైర్యం చెప్పిన మీ అందరికీ మా ఇంటిల్లిపాది తరఫున దండం పెడుతున్నాను.

ఏం జరిగిందని చాలామంది అడుగుతున్నారు. వాడిది కువైట్ ఎడారిలో గొర్లు కాసే పని. వాన వెలిసిన మర్నాడు దొడ్డికి ఇనుప గుంజ పాతుతుంటే ఇసుకలో ఉన్న క్లస్టర్ బాంబు, అంటే పెద్ద బాంబు గాల్లో విచ్చుకుని చల్లే చిన్న బాంబుల్లో ఒకటి, పేలింది. 1991 యుద్ధం నాటిది. అప్పటికి మా తమ్ముడు పుట్టనే లేదు. తర్వాత వచ్చిన బాంబు స్క్వాడ్‌కు నాలుగడుగుల దూరంలో ఇంకొకటి దొరికిందట. టార్చిలైటు సెల్లంత ఉంది, ఒక కొసకు తెల్లటి రిబ్బను. రోజూ గొర్లు తిరిగే చోటే అది.

ఆ యుద్ధంలో అమెరికా, దాని మిత్రదేశాలు ఇరాక్, కువైట్‌లలో ఇలాంటి చిన్న బాంబులు విమానాల నుంచే రెండు కోట్ల దాకా కురిపించాయి. నేల మీది నుంచి వేసిన కొన్ని రకాల రాకెట్లలో ఒక్కోదానిలోనే 644 ఉండేవి. మెత్తటి ఇసుకలో పడ్డవాటిలో కొన్ని గట్టి దెబ్బ తగలక పేలకుండా ఉండిపోతాయి. గాలికీ వానకూ ఇసుక కదిలితే బయటపడతాయి. లావోస్‌లో 1973లోనే బాంబులు ఆగాయి, అక్కడి రైతులు ఇవాళ్టికీ భయం భయంగానే మడి దున్నుకుంటున్నారు. సైనికులు ఎప్పుడో ఇళ్లకు పోయారు. కాళ్లూ చేతులూ పోతున్నది కాపర్లకు, పిల్లలకు. క్లస్టర్ బాంబులను నిషేధిస్తూ 2008లో కుదిరిన ఒప్పందంలో మన దేశం లేదు. చేరాలని మన ఎంపీలు పార్లమెంటులో గట్టిగా అడగాలి.

ముందుగా నా దండం ఒక సూడాన్ అన్నకు. తన తలపాగా విప్పి తమ్ముడి తొడకు బిగించి కట్టి, నీళ్ల ట్యాంకర్‌లో పడుకోబెట్టుకుని జహ్రా ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఆయనకు తెలుగు రాదు, వీడికి అరబ్బీ అంతంతమాత్రం. దారి పొడుగునా వీడి పేరు పిలుస్తూనే ఉన్నాడట, కళ్లు మూయనీయకుండా. ఆయన లేకపోతే రక్తం పోయి అక్కడే ప్రాణం పోయేది. రాత్రి డ్యూటీలో వీడియో కాల్ చేసి అమ్మకు కొడుకు మొహం చూపించిన మలయాళీ నర్సమ్మకు, కఫీల్ (అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని) పాత జీతం ఇవ్వకపోయినా తమ జీతాల్లోంచి టికెట్ కొన్న జగిత్యాల, నిర్మల్ తమ్ముళ్లకు, కాగితాల పని చూసిన ఎంబసీ వాళ్లకు, ఫీజు వద్దన్న హనుమకొండ డాక్టరు గారికి, మా కిస్తీ ఆపి తామే కట్టిన మా వాడకట్టు సంఘం అక్కలకు ఎంత చెప్పినా తక్కువే.

మీ వాళ్లెవరైనా ఎడారిలో పని చేస్తుంటే ఇవాళే ఫోన్ చేయండి. ఇసుకలో ఇనుప ముక్క గానీ రిబ్బను గానీ కనిపిస్తే ముట్టుకోవద్దు, రాయి విసరొద్దు. వచ్చిన అడుగుల మీదే వెనక్కి వచ్చి, కువైట్‌లో అయితే 112కు ఫోన్ చేయమనండి. తమ్ముడు ఇదంతా తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టాడు, అడిగితే పంపుతాను.

కట్టుడు కాలు కోసం వచ్చే వారం నిమ్స్‌కు పోతున్నాం. దానికి సరిపడా డబ్బు ఉంది, ఇంక పంపకండి.