పచ్చ జెర్సీ ఊరు: బార్సిలోనాలో చదువుకుంటున్న మా అమ్మాయికి

చిరంజీవి చిన్నికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. నీ ఆరోగ్యం జాగ్రత్త.

బదలోనాలో గోర్గ్ మెట్రో దగ్గరి స్టేడియం ఫోటోలు చూశాను. ఎస్తెవె బోనెల్, ఫ్రాన్సెస్క్ రియుస్ డిజైన్ చేసిన ఆ భవనానికి 1992లో యూరప్‌లో మంచి భవనాలకిచ్చే మీస్ వాన్ డెర్ రోహె అవార్డు వచ్చిందని, మీ క్లాసులో దాని మీద ప్రాజెక్టు ఇచ్చారని రాశావు. పైకప్పు గురించి, లోపలికొచ్చే వెలుతురు గురించి ఎంతో వివరంగా రాశావు కానీ, అందులో ఆడేది ఎవరో ఒక్క ముక్క రాయలేదు. ఆర్కిటెక్చర్ నీ సబ్జెక్టు, బాస్కెట్‌బాల్ నాది. ఇల్లు నువ్వు చూశావు కాబట్టి, ఇంట్లోవాళ్ళ సంగతి నేను చెప్తాను. బార్సిలోనా పక్కనే నువ్వు అద్దెకుంటున్న ఈ బదలోనా మామూలు ఊరు కాదమ్మా. స్పెయిన్‌లో బాస్కెట్‌బాల్ గురించి ఎవరు మాట్లాడినా ఆ ఊరి పేరు ఎత్తకుండా ఉండలేరు.

క్లబ్ పేరు జువెంతుత్. ఊళ్ళోవాళ్ళు మాత్రం "లా పెన్యా" అంటారు. పచ్చ, నలుపు రంగుల జెర్సీ. 1930 మార్చి 30న కొంతమంది స్నేహితులు కలిసి పెట్టుకున్నారు. అప్పటికి మూడేళ్ళ క్రితమే లిండ్‌బర్గ్ అనే పైలట్ "స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్" అనే విమానంలో ఒంటరిగా అట్లాంటిక్ దాటాడు. ప్రపంచమంతా ఆ విమానం పేరే. వీళ్ళూ ఆ మోజులోనే తమ క్లబ్బుకి "పెన్యా స్పిరిట్ ఆఫ్ బదలోనా" అని పేరు పెట్టుకున్నారు. సముద్రం ఒడ్డున ఫ్యాక్టరీల మధ్య బతికే ఊరి కుర్రాళ్ళు, వాళ్ళ ఆశ చూడు ఎంత ఎత్తున ఉందో!

తర్వాత అంతర్యుద్ధం వచ్చింది, దాని వెనకే ఫ్రాంకో నియంతృత్వం. అక్కడివాళ్ళ కాటలాన్ భాషని నలుగురిలో వాడనివ్వని రోజులవి. చాలా ఏళ్ళు క్లబ్ పేరు కూడా స్పానిష్‌లో "హువెంతుద్" అనే ఉండేది. పేరు మారినా ఆట ఆగలేదు. 1948లో జాతీయ కప్పు గెలిచారు, 50ల్లో మరో మూడుసార్లు గెలిచారు. జువెంతుత్ ఒక్కటే కాదు, ఆ ఊళ్ళో సిర్కోల్ కతోలిక్ అని ఇంకో క్లబ్ ఉండేది. 70ల్లో కోతోనిఫీసియో అన్న పేరుతో అది కూడా జాతీయ లీగ్‌లో ఆడింది. అంటే అంత చిన్న ఊరు నుంచి ఒకేసారి రెండు జట్లు దేశంలోని పై స్థాయి లీగ్‌లో! పక్కనే బార్సిలోనా లాంటి మహానగరం పెట్టుకుని కూడా.

నన్నడిగితే ఈ క్లబ్ చరిత్రలో అన్నిటికంటే గొప్ప విషయం ఏ కప్పూ కాదు. స్పెయిన్ జాతీయ లీగ్ 1957లో మొదలైంది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఒక్క సీజన్ కూడా తప్పకుండా పై డివిజన్‌లో ఆడినవి రెండే రెండు క్లబ్బులు. ఒకటి రియల్ మాడ్రిడ్, రెండోది జువెంతుత్. మాడ్రిడ్‌కి చెందిన ఎస్తుదియాంతెస్ కూడా చాలాకాలం వీళ్ళ సరసనే ఉండేది కానీ, 2021లో కింది డివిజన్‌కి పడిపోయింది. రియల్ మాడ్రిడ్ అంటే రాజధాని క్లబ్, దాని వెనక ఫుట్‌బాల్ డబ్బు ఉంది. బార్సిలోనాకీ అంతే. జువెంతుత్‌కి ఫుట్‌బాల్ జట్టు లేదు. వాళ్ళకున్నది బాస్కెట్‌బాల్ ఒక్కటే.

ఇంకో లెక్క చెప్తాను, మా బళ్ళో పిల్లలకి కూడా చెప్తుంటాను. 1960 నుంచి 1980 దాకా 21 లీగ్ టైటిళ్ళు. అందులో 19 రియల్ మాడ్రిడ్‌వే. మిగిలిన రెండూ, 1967, 1978, బదలోనావి. ఆ ఇరవయ్యేళ్ళలో మాడ్రిడ్‌ని లీగ్‌లో కిందికి దించగలిగిన జట్టు ఇదొక్కటే.

1981లో మొదటి యూరప్ కప్పు వచ్చింది. కొరాచ్ కప్ ఫైనల్, ఎదురుగా ఇటలీ జట్టు వెనిస్, ఓవర్‌టైమ్ దాకా వెళ్ళి 105-104తో గెలిచారు. కోచ్ మనెల్ కోమాస్. జట్టులో మర్గల్ ఉండేవాడు. దూరం నుంచి వేసే షాట్లకి పెట్టింది పేరు, 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్పెయిన్ తరఫున వెండి పతకం తెచ్చుకున్నాడు. ఆ రోజుల్లోనే జోర్ది విల్లాకాంపా అనే కుర్రాడు పెద్దల జట్టులోకొచ్చాడు. రియూస్ ఊరివాడు, జువెంతుత్ పిల్లల జట్టులో పెరిగాడు. 1980 నుంచి 1997 దాకా ఇంకే క్లబ్బుకీ ఆడలేదు. ఆట మానేశాక 1999లో అదే క్లబ్బుకి అధ్యక్షుడై 2017 దాకా ఉన్నాడు. వాడి 8 నంబర్ జెర్సీని ఇంకెవరికీ ఇవ్వరు. మనిషి అంటే అలా ఉండాలనిపిస్తుంది నాకు.

ఇక 1992 సంగతి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. 1991, 1992 రెండేళ్ళూ లీగ్ గెలిచారు. అసలు కావలసింది యూరప్ ఛాంపియన్ల కప్పు. 1992 ఏప్రిల్‌లో ఇస్తాంబుల్‌లో ఫైనల్ ఫోర్, అంటే మిగిలిన నాలుగు జట్ల ఆఖరి పోటీ, పెట్టారు. సెమీఫైనల్లో ఎస్తుదియాంతెస్‌ని తేలిగ్గా ఓడించారు. ఫైనల్లో ఎదురుపడింది బెల్‌గ్రేడ్ జట్టు పార్టిజాన్. యుగోస్లావియాలో యుద్ధం నడుస్తోంది. పాపం ఆ జట్టుకి సొంత ఊళ్ళో ఆడుకునే వీలు కూడా లేక ఆ సీజన్‌లో దాదాపు అన్ని హోమ్ మ్యాచ్‌లూ మాడ్రిడ్ దగ్గరి ఫ్వెన్‌లబ్రాదాలో ఆడింది. చాలామంది పాతికేళ్ళు కూడా నిండనివాళ్ళు. కోచ్‌కి 32 ఏళ్ళు, కోచ్‌గా అదే మొదటి సీజన్. పేరు జెల్కో ఒబ్రాదోవిచ్.

ఆట ముగుస్తుండగా తొమాస్ జోఫ్రేసా బాస్కెట్ వేశాడు. 70-68, జువెంతుత్ ముందుంది. ఇంకో పది సెకన్లు కూడా లేవు. పార్టిజాన్ టైమ్ అవుట్ తీసుకోలేదు. జోర్జెవిచ్ బంతి అందుకుని కుడి లైన్ వెంబడి పరుగెత్తుకొచ్చి, కాళ్ళు సరిగ్గా నిలదొక్కుకోకుండానే త్రీ పాయింట్ గీత దగ్గర గాల్లోకి లేచి షాట్ వేశాడు. బంతి రింగ్‌లో పడింది. 71-70. ఆ వీడియో ఎప్పుడు చూసినా ఈసారైనా రింగ్‌కి తగిలి బయటికి పోతుందేమో అనిపిస్తుంది. మేం పిల్లలకి నేర్పేది ఒకటే: రెండు పాయింట్ల ఆధిక్యం చేతిలో ఉన్నప్పుడు మీదకెళ్ళి అడ్డుపడాలి, త్రీ మాత్రం వెయ్యనివ్వకూడదు. చెప్పడం తేలికే. పది సెకన్లలో, అంత గోలలో, అలిసిపోయిన కాళ్ళతో చెయ్యడం వేరు.

అదే ఏడాది వేసవిలో నువ్వు ఫోటో తీసిన స్టేడియంలోనే ఒలింపిక్స్ బాస్కెట్‌బాల్ జరిగింది. జోర్డాన్, మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్ ఆడిన అమెరికా జట్టు అక్కడే క్రొయేషియాని 117-85తో ఓడించి బంగారు పతకం గెలిచింది. డ్రీమ్ టీమ్ అని పేరుపడ్డ ఆ జట్టు ఆడింది బార్సిలోనాలో అని అందరూ అంటారు. కాదు, బదలోనాలో. మీ ప్రొఫెసర్‌కి కూడా చెప్పు. అదే కోర్టులో స్పెయిన్ అంగోలా చేతిలో 20 పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడిపోవడం కూడా జరిగింది. అప్పట్లో అక్కడ అది పెద్ద దుమారం.

ఇప్పుడు వినాల్సింది ఇది. తమ గుండె కోసిన ఆ ఒబ్రాదోవిచ్‌నే 1993లో జువెంతుత్ కోచ్‌గా తెచ్చుకుంది! పంతానికి పోలేదు, పనితనం చూసింది. 1994 ఏప్రిల్‌లో టెల్ అవీవ్‌లో ఫైనల్ ఫోర్. సెమీస్‌లో పక్కింటి బార్సిలోనాని ఓడించారు. ఫైనల్లో గ్రీస్ జట్టు ఒలింపియాకోస్. ఈ కాలం పిల్లలకి ఆ స్కోరు చెప్తే నమ్మరు, రెండు జట్లూ 60 దాటలేదు. అంత గట్టి డిఫెన్స్, ఒక్కొక్క బాస్కెట్‌కి ప్రాణం పోయేంత టెన్షన్. 57-56తో గ్రీకులు ముందున్నారు. ఆట ముగియడానికి ఇంకా ఇరవై సెకన్లు ఉండొచ్చు. బంతి కోర్నీ థాంప్సన్ చేతికొచ్చింది. అమెరికన్, పొడుగాటి ఫార్వర్డ్, బోర్డు కింద పెనుగులాడే మనిషి. వాడు త్రీ పాయింట్ గీత బయట నిలబడి త్రీ వేశాడు. 59-57. తర్వాత ఒలింపియాకోస్‌లో మేటి ఆటగాడు పాస్పాల్‌కి ఫ్రీ త్రోలు వచ్చాయి, వెయ్యలేకపోయాడు. ఆ ఫైనల్ ఫోర్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి వాడికే ఇచ్చారు, అయినా కప్పు బదలోనాకి వెళ్ళింది. రెండేళ్ళ క్రితం ఇస్తాంబుల్‌లో ఏడ్చిన విల్లాకాంపా, జోఫ్రేసా అన్నదమ్ములు రఫాయెల్, తొమాస్ అందరూ ఆ రాత్రి కోర్టులో ఉన్నారు.

ఒకటి గుర్తుపెట్టుకో. బార్సిలోనా క్లబ్బుకి ఆ కప్పు 2003లో గానీ దక్కలేదు. మీరున్న కాటలోనియా ప్రాంతానికి దాన్ని మొట్టమొదట తెచ్చింది ఆ పెద్ద నగరం కాదు, నీ బదలోనా.

గెలిచాక ఏమైంది? ఒబ్రాదోవిచ్ అదే వేసవిలో రియల్ మాడ్రిడ్‌కి వెళ్ళిపోయాడు, మరుసటి ఏడాదే వాళ్ళకి అదే కప్పు గెలిపించాడు. పొడగరి ఫెరాన్ మార్టినెజ్‌ని బార్సిలోనా తీసుకుపోయింది. డబ్బున్నవాళ్ళు పిలుస్తారు, వెళ్ళేవాళ్ళు వెళ్తారు, తప్పు పట్టలేం. కానీ ఈ క్లబ్బుకి ప్రతి తరంలోనూ ఇదే జరిగింది. పిల్లల్ని పదేళ్ళ వయసులో చేర్చుకుని తీర్చిదిద్దడం, ఆడించడం, చేతికందొచ్చాక పంపించడం. మళ్ళీ కింద నుంచి మొదలుపెట్టడం. పిల్లలకి ఆట నేర్పే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి నాకు వాళ్ళ కష్టం తెలుసు. ఒక పిల్లాడికి ఎడమ చేత్తో లేఅప్ సరిగ్గా రావడానికే ఎన్ని నెలలు పడుతుందో చూస్తూనే ఉన్నాను.

2005 అక్టోబర్‌లో పక్కనే ఉన్న ఎల్ మస్నౌ ఊరి కుర్రాడు రికీ రూబియోని లీగ్ మ్యాచ్‌లో దించారు. అప్పటికి వాడికి ఇంకా 15 నిండలేదు. ఆ లీగ్‌లో అంత చిన్న వయసులో అంతకుముందు ఎవరూ ఆడలేదు. దించిన కోచ్ ఐతో గార్సియా రెనేసెస్. ఆయన ధైర్యానికి దండం పెట్టాలి. నేను మా పాయింట్ గార్డులకి రూబియో వీడియోలే చూపిస్తాను. బంతి ఎటు వేస్తాడో వాడి కళ్ళు చెప్పవు, తల ఒకవైపు, పాస్ ఇంకోవైపు. వాడికి తోడు మయోర్కా దీవి నుంచి వచ్చిన రూడీ ఫెర్నాండెజ్. 2006లో ఫీబా యూరోకప్ అనే యూరప్ క్లబ్బుల కప్పు గెలిచారు. 2008లో స్పెయిన్ కింగ్స్ కప్ ఫైనల్లో విటోరియా జట్టుని దాని సొంత ఊళ్ళోనే 82-80తో ఓడించారు, అందులో రూడీ ఒక్కడే 32 పాయింట్లు. అదే ఏడాది యూలెబ్ కప్ అనే ఇంకో యూరప్ కప్పు కూడా. వెంటనే రూడీ అమెరికా వెళ్ళాడు, ఐతో ఇంకో క్లబ్బుకి వెళ్ళాడు. 2009లో రూబియో బార్సిలోనాకి. మళ్ళీ అదే కథ.

తర్వాత రోజులు బాగోలేదు. అప్పులు పెరిగాయి, క్లబ్ మూతపడుతుందేమో అన్నంత దాకా వచ్చింది. 2017-18 సీజన్‌లో డబ్బూ లేదు, గెలుపులూ లేవు, మొట్టమొదటిసారి కింది డివిజన్‌కి పోతుందని అందరూ భయపడ్డారు. మధ్యలో కార్లెస్ దురాన్‌ని కోచ్‌గా పెట్టారు. అర్జెంటీనావాడు లాప్రోవిత్తోలా వచ్చి జట్టుని నిలబెట్టాడు, మరుసటి సీజన్‌లో లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడు అయ్యాడు. 2018లోనే గ్రిఫోల్స్ కుటుంబానికి సంబంధించిన పెట్టుబడి సంస్థ వాటాలు కొనడంతో క్లబ్ ఊపిరి పీల్చుకుంది. ఊరు కూడా వదిలిపెట్టలేదు.

ఇంత రాయడానికి కారణం ఇప్పుడు చెప్తున్నాను. రూబియో అమెరికాలో చాలా ఏళ్ళు ఆడాడు. 2019 ప్రపంచ కప్పు స్పెయిన్ గెలిచినప్పుడు ఉత్తమ ఆటగాడు వాడే. 2023లో మానసిక ఆరోగ్యం బాగోలేదని, ఆట ఆపుతున్నానని దాపరికం లేకుండా అందరికీ చెప్పాడు. అంత పేరున్న మనిషి ఆ మాట చెప్పడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించు. తర్వాత బార్సిలోనాలో కొన్ని నెలలు ఆడాడు, మళ్ళీ ఆగాడు. 2025 వేసవిలో మళ్ళీ ఆడాలనుకున్నప్పుడు జువెంతుత్‌కే వచ్చాడు. 14 ఏళ్ళప్పుడు మొదలుపెట్టిన చోటికే, అదే పచ్చ జెర్సీలోకి.

నువ్వు కూడా చదువు ఒత్తిడి ఎక్కువైనా, మనసు బాగోకపోయినా దాచుకోకు తల్లీ. ముందు మాతో చెప్పు. మార్కుల సంగతి తర్వాత.

ప్రాజెక్టు కోసం ఆ స్టేడియానికి ఎలాగూ వెళ్తావు కదా, ఖాళీగా ఉన్నప్పుడు కాకుండా మ్యాచ్ ఉన్న రోజు వెళ్ళు. బార్సిలోనాతో ఆడే రోజైతే మరీ మంచిది. పై వరసలో టికెట్ తీసుకుంటే నీకు పైకప్పూ కనిపిస్తుంది, కోర్టూ కనిపిస్తుంది. రూబియో ఆడుతుంటే బంతిని కాకుండా వాడి కళ్ళని చూడు. పిల్లల జట్ల మ్యాచ్‌లు ఎక్కడ జరుగుతాయో కూడా కనుక్కో, వాళ్ళ కోచ్‌లు ప్రాక్టీసు ఎలా చేయిస్తారో వీలైతే వీడియో తీసి పంపు, మా వాళ్ళకి పనికొస్తుంది.

ఒక్కదానివే వెళ్ళొద్దని అమ్మ చెప్పమంది. నీ రూమ్మేట్‌ని తీసుకెళ్ళు. మ్యాచ్ అయి ఇంటికి చేరగానే ఒక మెసేజ్ పెట్టు, మాకు తెల్లవారుజాము అయినా ఫర్వాలేదు. స్కోరు కూడా రాయి.

ఆశీస్సులతో,
నాన్న