ఆ గద్ద డిబ్బీ రంగు అసలుది కాదు

మా దగ్గర పాత అమెరికన్ పోత ఇనుప డిబ్బీలు, అంటే చిల్లర వేసి దాచుకునే బొమ్మలు, కొన్నవాళ్లందరికీ నమస్తే. గత నవంబరులో "అసలు రంగు" అని రాసి నేనమ్మిన గద్ద డిబ్బీకి ఉన్నది తర్వాతెవరో వేసిన రంగు. తప్పు నాదే. కొన్న ఆవిడకి డబ్బు మొత్తం, పోనూ రానూ పార్సిల్ ఖర్చుతో సహా ఇచ్చేశాను. మిగతావాళ్లకీ తెలియాలని ఇది రాస్తున్నాను.

ఆ డిబ్బీని కనెటికట్‌లోని క్రోమ్‌వెల్‌లో జె. అండ్ ఇ. స్టీవెన్స్ కంపెనీ చేసింది, పేటెంటు 1883 నాటిది. తల్లిగద్ద ముక్కులో నాణెం పెట్టి మీట నొక్కితే అది ముందుకి వంగి గూట్లోకి నాణెం జారవిడుస్తుంది, పిల్లలు నోళ్లు తెరుచుకుని పైకి లేస్తాయి, లోపల చిన్న తిత్తి ఉండి కిచకిచమని చప్పుడు కూడా వచ్చేది. నాకు చాలా ఇష్టమైన బొమ్మ, అందుకే ఇంకా బాధ.

ఎక్కడ పొరబడ్డానంటే, పోత మాత్రం నిజంగా పాతదే. నకలును పట్టడానికి మేం ముందు చూసేది కొలత. అసలు డిబ్బీనే నమూనాగా పెట్టి మళ్లీ పోత పోస్తే, ఇనుము చల్లారేటప్పుడు అడుగుకి అంగుళంలో ఎనిమిదో వంతు దాకా కుంచించుకుపోతుంది కాబట్టి నకలు కొంచెం చిన్నగా వస్తుంది, పైగా గరుగ్గా ఉంటుంది, అతుకుల దగ్గర సందులుంటాయి. ఇది కొలతకి సరిగ్గా సరిపోయింది, అతుకుల్లో గోరు కూడా దూరలేదు. అక్కడితో ఆగిపోయాను. రంగుని విడిగా పరీక్షించాలన్న ఆలోచనే రాలేదు.

మార్చిలో ఆవిడ అతినీలలోహిత టార్చి వేసి ఫోటోలు పంపారు, రెక్కలూ గూడూ అంతా ధగధగలాడుతోంది. నా దగ్గరున్న ఇంకో పాత డిబ్బీ మీద అలాంటి లైటే వేస్తే మసగ్గా ఉండిపోయింది, అంటే గద్ద మీదున్నది కొత్త రంగేనేమో అనిపించింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. వెనక్కి తెప్పించుకుని భూతద్దంతో చూస్తే తుప్పు తిన్న గుంటల మీద కూడా రంగు వేసి ఉంది, అరిగినట్టు కనిపించే మచ్చలేమో వేలు కూడా తగలని సందుల్లో ఉన్నాయి, ముక్కు కొస, మీట మాత్రం నిండు రంగుతో ఉన్నాయి. పిల్లలు ఆడుకున్న వస్తువుకి ముందు రంగు పోయేది అక్కడే కదా!

ఇంత పట్టింపు ఎందుకంటే, వీటికి ధర పలికేది అసలు రంగు ఎంత మిగిలిందన్న దాన్ని బట్టే. బఫెలోలో షెపర్డ్ హార్డ్‌వేర్ వాళ్లు కింద ప్రైమర్ అనే తొలి పూత లేకుండా రంగు వేసేవారు, అందుకే వాళ్ల డిబ్బీలకి పొరలు పొరలుగా ఊడిపోతుంది. ఎక్కడా చెక్కు చెదరని షెపర్డ్ డిబ్బీ కనిపిస్తే సంతోషించే ముందు అనుమానించాలి. నేను అలాంటివి రెండు అమ్మాను. ఆ ఇద్దరికీ నిన్ననే మెసేజ్ పెట్టాను, నా ఖర్చుతో తెప్పించి చూసి, తేడా ఉంటే డబ్బు ఇచ్చేస్తాను.

ఇకనుంచి ప్రతి డిబ్బీకీ అడుగు భాగం, లోపలి వైపు, ఆ టార్చి వెలుగులో తీసినవి, మూడు ఫోటోలూ పెడతాను. రంగు దిద్దినది అయితే దిద్దినదనే రాస్తాను, తేల్చుకోలేకపోతే ఆ మాటే రాస్తాను. ముందు కొన్నవాళ్లెవరికైనా అనుమానం ఉంటే ఎన్నాళ్లయినా సరే ఫోటోలు పంపండి.

ఇంకో మాట, పిల్లల కోసమని కొన్నవాళ్లకి. ఆ కాలపు రంగుల్లో సీసం ఉంటుంది, కాబట్టి చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి, అద్దాల అల్మారాలో పెట్టండి. నీళ్లతో, సబ్బుతో అసలు కడగొద్దు, మెత్తటి పొడి బ్రష్ చాలు. చెమ్మ చేరే బేస్‌మెంట్‌లో కూడా ఉంచకండి.

గద్దని ఇప్పుడు "తర్వాత వేసిన రంగు" అని స్పష్టంగా రాసి తక్కువ ధరకి పెట్టాను. వచ్చే శనివారం ఒహాయోలోని రవెన్నాలో ఏ.సీ. విలియమ్స్ వాళ్లు చేసిన సింహం డిబ్బీ పెడుతున్నాను. బంగారు రంగు వీపు మీద దాదాపు పోయింది, జూలు గీతల్లో మాత్రం మిగిలింది. ఫోటోలో కూడా అలాగే కనిపిస్తుంది.